కాగితం పోయింది సరే, జవాబు చెప్పేది ఎవరు?

జబ్బు చేస్తే వైద్యానికి అనుమతి కావాల్సింది ఎవరికి? డబ్బున్నవాడికి అక్కర్లేదు. వాడు కారెక్కి పోతాడు, కౌంటర్లో డబ్బు కడతాడు, మంచమెక్కుతాడు. ఎదురు చూడాల్సింది పల్లె మనిషి. గుండెలో కవాటం చెడినా, కడుపులో గడ్డ లేచినా, డాక్టరు ‘ఆపరేషన్ చెయ్యాలి’ అన్న తర్వాత కూడా ఇంకెవరో ‘చెయ్యొచ్చు’ అనాలి. ఆ ఇంకెవరో ఎక్కడ కూర్చుంటారు? ఏం చూసి అవునంటారు, ఏం చూసి కాదంటారు? ఇళ్ళ స్థలాల మీద, కూలి రేట్ల మీద, శ్మశానాల మీద మాట్లాడుకున్నంతగా మనం దీని మీద మాట్లాడుకోవటం లేదు. అందుకే ఈ పక్షం సంపాదకీయం దీనికి కేటాయించాం.

కాగితం కాలం ఎట్లా ఉండేదో నలభై దాటిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2007కు ముందు పెద్ద జబ్బు వస్తే మన ముందున్న దారి ఒకటే, ముఖ్యమంత్రి సహాయ నిధి. అర్జీ రాయించాలి. రాసేవాడికి పది రూపాయలివ్వాలి. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి ఆదాయం సర్టిఫికెట్ తేవాలి. ఆస్పత్రి నుంచి ఎస్టిమేటు తేవాలి. అన్నిటికంటే పైన ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం. ఎమ్మెల్యే మన పల్లెకొచ్చి ఉత్తరమిస్తాడా? ఆయన దగ్గరికి పోవాలంటే వూరి పెద్దమనిషి వెంట రావాలి. పెద్దమనిషి రావాలంటే ఆయన వాకిట్లో పొద్దున్నే నిలబడాలి. మొన్నటి ఎన్నికల్లో మన పల్లె ఓట్లు ఎటు పడ్డాయో ఆయన ఆ వాకిట్లోనే అడుగుతాడు. కూలి పెంచమని సమ్మె చేసిన మొగుడి పేరు కూడా ఆయనకు అప్పుడే గుర్తొస్తుంది. రోగం పల్లెలో పుడితే, మందు దొర ఇంటి గుమ్మం దాటి రావాలి. ఇదీ కాగితం వేసిన బాట.

ఆ బాట ఎక్కినవాళ్ళ లెక్క ప్రభుత్వమే చెప్పింది. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ముఖ్యమంత్రి నిధి నుంచి 55,361 కేసులకు 168.52 కోట్ల రూపాయలు ఇచ్చారు. సగటు తీస్తే కేసుకు ముప్ఫై వేల పైచిలుకు. ఇది సాయం అందినవాళ్ళ లెక్క. వాకిట్లోనే ఆగిపోయినవాళ్ళను ఎవరూ లెక్క కట్టలేదు. అర్జీల వరద తట్టుకోలేకే 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టారు. 2008కల్లా అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా వచ్చింది. మొదట ఇన్సూరెన్సు కంపెనీ ద్వారా నడిపి, తర్వాత ట్రస్టు చేతికి తెచ్చారు. ఆంధ్రలో 2014లో ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు. గోడ మీద బొమ్మలు మారాయి. లోపల నడిచే యంత్రం మాత్రం అదే.

ఆ యంత్రం పనిచేసే తీరు మన కార్యకర్తలు తెలుసుకోవాలి. రోగి కార్డు పట్టుకుని నెట్‌వర్క్ ఆస్పత్రికి పోతాడు. అక్కడ బల్ల దగ్గర కూర్చున్న ఆరోగ్యమిత్ర పేరు నమోదు చేస్తాడు. ఆస్పత్రివాళ్ళు పరీక్షలు చేసి, ఇది పథకం జాబితాలో ఉన్న చికిత్సే అనుకుంటే, రోగి ఫోటో, రిపోర్టులు, స్కానింగు బొమ్మలు కంప్యూటర్లోకి ఎక్కించి ట్రస్టుకు అనుమతి అడుగుతారు. ట్రస్టు డాక్టర్లు అక్కడెక్కడో తెర మీద చూసి అనుమతిస్తారు, లేదా ఇంకో కాగితం కావాలంటారు, లేదా కుదరదంటారు. మామూలు కేసు 12 గంటల్లో తేల్చాలనీ, ప్రాణం మీదికొచ్చిన కేసుకు వెంటనే ఇవ్వాలనీ పథకం మొదట్లోనే ట్రస్టు రాసుకుంది. డిశ్చార్జి అయ్యాక బిల్లు పెడితే ఏడు రోజుల్లో ఆస్పత్రికి డబ్బు కడతామని కూడా రాసుకుంది.

ఇందులో మనకు దక్కింది ఏమిటో ముందు నిజాయితీగా ఒప్పుకోవాలి. ఎమ్మెల్యే ఉత్తరం పోయింది. పెద్దమనిషి వాకిలి పోయింది. తెర మీద చూసే డాక్టరుకు ఈ రోగి ఏ జెండా మోశాడో తెలియదు. మాదిగ పల్లె నుంచి బయల్దేరిన మనిషి ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన రోజు మన చరిత్రలో చిన్న రోజేం కాదు. కంప్యూటరంటేనే కుట్ర అని ఉపన్యాసాలిచ్చే మిత్రులు కొందరున్నారు. వాళ్ళు ఎప్పుడైనా సిఫారసు ఉత్తరం కోసం నిలబడి ఉంటే ఆ మాట అనరు. మనకు కంప్యూటరుతో పేచీ లేదు. అది ఎవరికి జవాబు చెప్తుందన్న దగ్గరే మన పేచీ.

మహద్ సంగతి గుర్తు చేసుకుందాం. అంటరానివాళ్ళు ప్రభుత్వ చెరువులూ బావులూ వాడుకోవచ్చని బొంబాయి శాసన మండలి 1923లో తీర్మానం చేసింది. మహద్ మున్సిపాలిటీ 1924లో తన చెరువు తెరిచామని తనూ తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు రెండుసార్లు వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని నడిచి, చెరువులో దిగి దోసిలి పడితే గానీ రాలేదు. నడిచినందుకు దెబ్బలు కూడా పడ్డాయి. ఇప్పుడు హక్కు కాగితం మీది నుంచి తెర మీదికి మారింది. దోసిట్లోకి వచ్చిందా అన్నదే చూడాలి.

మా ప్రాంతంలో ఒక పల్లె. మిరపకోతలకు పోయే తల్లి. కడుపునొప్పి ముదిరితే ఆర్‌ఎంపీ డాక్టరు వెంటబెట్టుకుని పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాడు. (రోగిని తెచ్చినందుకు ఆర్‌ఎంపీకి కమీషన్ ముడుతుందన్నది పల్లెల్లో అందరికీ తెలిసిన రహస్యమే.) గడ్డ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి, కార్డు మీద చేస్తాం, అప్రూవల్ రావాలి అన్నారు. ఒకరోజు పోయింది. రెండు రోజులు పోయాయి. కొడుకు పోయి అడిగితే ‘పైనుంచి రాలేదు’ అన్నారు. పైన అంటే ఎక్కడ? ‘పైన’ అంతే. ఆరు రోజులు ఆమె మంచం మీద, కొడుకు వరండాలో. తిండికీ, మందులకూ, బయట చేయించమన్న పరీక్షలకూ పద్దెనిమిది వేలు. నూటికి ఐదు రూపాయల వడ్డీ. చివరికి చదువుకున్న కుర్రాడొకడు పోయి గట్టిగా కూర్చుంటే తెలిసిందేమంటే, పైనుంచి రెండో రోజే జవాబొచ్చింది. స్కానింగు బొమ్మ సరిగ్గా కనబడటం లేదు, మళ్ళీ పంపండి అని అడిగారు. ఆ ప్రశ్న ఆస్పత్రి కంప్యూటర్లో నాలుగు రోజులుగా అట్లాగే పడి ఉంది. చూడాల్సినవాడు చూడలేదు. మళ్ళీ బొమ్మ పంపాక మర్నాటికి అనుమతి వచ్చింది. ఆపరేషన్ అయింది, ఆమె బతికింది. అప్పు మాత్రం తీరలేదు.

ఇక్కడ ట్రస్టు 12 గంటల నిబంధన తప్పిందా? వాళ్ళ లెక్కలో తప్పలేదు. ప్రశ్న అడిగిన క్షణం నుంచి గడియారం ఆస్పత్రి మీద నడుస్తుంది. ఆస్పత్రిని ఎవరూ అడగరు. రోగికి అసలు గడియారమే లేదు. కాగితం ఉన్న రోజుల్లో కనీసం ఇన్‌వర్డ్ నంబరు ఉండేది. గుమస్తా ముద్ర కొట్టి తేదీ వేసేవాడు. ఆ చీటీ కొంగున ముడేసుకుని, మళ్ళీ పోయి ‘ఇదిగో, ఫలానా తేదీన ఇచ్చా’ అని బల్ల మీద పెట్టే వీలుండేది. గుమస్తా కసిరేవాడు, తిట్టేవాడు, లంచమడిగేవాడు. కానీ వాడు కనిపించేవాడు. వాడి మీద పై అధికారికి ఫిర్యాదు చేసేవాళ్ళం, ఆఫీసు ముందు కూర్చునేవాళ్ళం. ‘పెండింగ్’ అనే మాట ముందు ఎవరు ధర్నా చేస్తారు?

ఇక పేర్ల సంగతి. కంప్యూటరుకు రెండు చోట్లా ఒకే పేరు, ఒకే అక్షరాలు కావాలి. మన పల్లెల్లో మనిషికి ఒకటే పేరుందా? కోస్తా పల్లెల్లో చర్చి పేరు ఒకటి, బడి పేరు ఒకటి. ఎందుకని? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల నుంచి తీసేసింది కాబట్టి. బతకటానికి రెండు పేర్లు పెట్టుకున్న జనాన్ని ఇప్పుడు ‘నీ పేరు కలవటం లేదు’ అని వెనక్కి పంపుతున్నారు. బళ్ళో పనిచేసేవాళ్ళం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పగలం. పాత రిజిస్టర్లు తిరగేస్తే మన పిల్లల పేర్లు అయ్యవార్లకు తోచినట్టు రాసినవే ఎక్కువ. పుట్టినతేదీ అయితే అందరికీ ఒకే నెల. ఆ రాతే ఆధార్‌లోకి పోయింది, రేషన్ కార్డులోకి ఇంకో రకంగా పోయింది. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు ఏ కార్డులో ఉందో ఆమెకే తెలియదు. తెలంగాణలో ఏళ్ళ తరబడి కొత్త రేషన్ కార్డులు సరిగ్గా ఇవ్వకుండా 2025లో గానీ పెద్దఎత్తున మొదలుపెట్టలేదు. ఆ మధ్యలో పుట్టిన పిల్లలు, వచ్చిన కోడళ్ళు ఏ తెర మీద కనపడతారు?

వేలిముద్ర అంటారు. పొగాకు ఆకు కట్టి, మిరపకాయలు కోసి, ఇటుక బట్టీల్లో అచ్చులు తీసి అరిగిన వేళ్ళవి. ముద్ర పడదు. ఫోన్‌కు నంబరొస్తుంది చెప్పమంటారు. ఫోను ఎవరి దగ్గరుంటుంది? మొగుడి జేబులోనో, హైదరాబాద్‌లో కూలికి పోయిన కొడుకు దగ్గరో. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత పెరిగి ఉండొచ్చు. పెరిగినవాళ్ళలో వ్యవసాయ కూలీ ఎంతమందో మన పల్లెలో నాలుగిళ్ళు తిరిగితే తెలిసిపోతుంది.

చట్టం మన వైపే ఉంది, అది కూడా తెలుసుకోండి. 2016 ఆధార్ చట్టం 7వ సెక్షన్లోనే ఆధార్ నంబరు రానివాళ్ళకు వేరే గుర్తింపు మీద సౌకర్యం ఇవ్వాలని ఉంది. 2018 సెప్టెంబర్ 26న తీర్పు చెప్తూ సుప్రీంకోర్టు, వేలిముద్ర కలవలేదన్న కారణంతో అర్హులకు హక్కు ఎగ్గొట్టకూడదని అన్నది. బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. మనకు తెలిస్తే చాలు, వాడికి చెప్పొచ్చు. ఆరోగ్యమిత్రల మీద మాత్రం కోపం పెట్టుకోకండి. చాలీచాలని జీతానికి ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే పిల్లలు, అందులో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చేతిలో మౌసు ఉంది, అధికారం లేదు.

అనుమతి తొందరగా వస్తే చాలా? అదీ కాదు. తెర మీద చూసేవాడికి కనపడేది బొమ్మ, మనిషి కాదు. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్ళలో గర్భసంచి ఆపరేషన్లు ఎట్లా జరిగాయో మరిచిపోయామా? తెల్లబట్ట అవుతుందనో, నడుము నొప్పి అనో పోయిన కూలి ఆడవాళ్ళకు, ముప్ఫై ఏళ్ళు కూడా నిండనివాళ్ళకు గర్భసంచులు తీసేశారు. కాన్సరొస్తుందని భయపెట్టారు. ప్రతి ఆపరేషన్‌కూ కాగితాలు సక్రమంగా ఎక్కాయి, అనుమతీ సక్రమంగా వచ్చింది. గొడవ పెద్దదయ్యాక ఆ ఆపరేషన్‌తో సహా కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. మోసాన్ని పట్టుకుంది కంప్యూటరు కాదు. పల్లెలు తిరిగి, ఆడవాళ్ళను పేరుపేరునా అడిగి రాసుకున్న మనుషులు. కేంద్రం 2018లో పెట్టిన ఆయుష్మాన్ భారత్ సంగతీ అంతే. దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే ఒక్క ఫోన్ నంబరుకు, అదీ పది తొమ్మిదులకు, తగిలించి ఉన్నాయని 2023లో కాగ్ నివేదిక బయటపెట్టింది. చనిపోయినట్టు నమోదైన రోగులకు మళ్ళీ చికిత్స చేసినట్టు లెక్కలున్నాయని కూడా రాసింది. బతికున్న యేసమ్మ పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఆపే యంత్రం, చచ్చిపోయినవాడిని ఆపలేదు!

కాగితాన్ని కంప్యూటర్లో పెట్టినంత మాత్రాన వాకిలి మాయం కాదనటానికి ఇంకో నిదర్శనం తెలంగాణలో ఉంది. అక్కడ 2024 జూలై నుంచి సీఎం సహాయ నిధి దరఖాస్తులు ఆన్‌లైన్ చేశారు. దొంగ బిల్లులతో ఆ నిధిని తిన్నారని అదే ఏడు సీఐడీ కొన్ని ఆస్పత్రుల మీద కేసులు కూడా పెట్టింది. కాబట్టి బిల్లులు కంప్యూటర్లో సరిచూడటం మంచిదే, బ్యాంకు ఖాతా నంబరు తీసుకోవటం మంచిదే. కానీ ప్రజాప్రతినిధి సిఫారసు ఉత్తరం? అది అట్లాగే ఉంది. ఇప్పుడు దాన్ని కూడా జతచేసి ఎక్కిస్తున్నారు. వాకిట్లో నిలబడటం తప్పలేదు, వాకిలికి కరెంటు వచ్చింది.

ఇక అనుమతి వచ్చినా ఆస్పత్రి తలుపు తెరవకపోతే? 2025లో బకాయిలు కట్టటం లేదని రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆస్పత్రులు ఈ పథకం కింద సేవలు ఆపేశాయి. సెప్టెంబర్లో తెలంగాణలో, అక్టోబర్లో ఆంధ్రలో. ఏడు రోజుల్లో డబ్బు కడతామన్న మాట ఏమైంది? పరిమితులు మాత్రం పాట పాడినట్టు పెంచారు. 2023 డిసెంబర్లో తెలంగాణలో పది లక్షలన్నారు, అదే నెలలో ఆంధ్రలో పాతిక లక్షలన్నారు. ప్రభుత్వమూ ఆస్పత్రులూ తన్నుకుంటే మధ్యలో మంచం మీద ఉన్నది మనం. ఈ డబ్బులో సగమైనా పాతికేళ్ళుగా ప్రభుత్వాస్పత్రుల మీద పెట్టి ఉంటే ఈ అనుమతుల గోల ఇంత ఉండేదా? పెద్దాసుపత్రిలో ఒకే మంచం మీద ఇద్దరు పడుకోవాల్సి వచ్చేదా? ఆ సంగతి విడిగా ఒక సంచికలో రాయాల్సినంత ఉంది.

ఇప్పుడు అడగాల్సింది అడుగుదాం. అనుమతి కోరుతూ కంప్యూటర్లో ఎక్కించిన నిమిషంలోనే రోగి చేతికి తెలుగులో అచ్చయిన చీటీ ఇవ్వాలి. దాని మీద నంబరు, తేదీ, గంట, పంపినవారి పేరు ఉండాలి. పైనుంచి ప్రశ్న వస్తే అది ఆస్పత్రికే కాదు, రోగికీ చెప్పాలి. ఫోన్ లేనివాళ్ళకు బల్ల దగ్గర బోర్డు మీద రాసి అంటించాలి. జబ్బు పేరు అక్కర్లేదు, అది రోగి సొంత సంగతి, నంబరూ స్థితీ చాలు. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలో కూడా రాయాలి. ఆస్పత్రి వల్ల ఆలస్యమైతే ఆ రోజుల తిండి ఖర్చూ మందుల ఖర్చూ ఆస్పత్రే కట్టాలి. గడియారం రోగి వైపు నుంచి నడవాలి, అసలు మాట అదీ. వేలిముద్ర పడకపోతే, పేరు కలవకపోతే వైద్యం ముందు, సవరణ తర్వాత. పేర్ల సవరణకు పల్లెకే రావాలి. 2019లో వూరూరా సచివాలయాలు పెట్టారు కదా, అక్కడి ఉద్యోగులు కంప్యూటరు పట్టుకుని చర్చి దగ్గరకో, అంబేద్కర్ బొమ్మ దగ్గరకో వచ్చి ఒక్కరోజు కూర్చుంటే పల్లె మొత్తం తేలిపోతుంది.

ఇవన్నీ వచ్చేదాకా చేతిలో ఉన్న ఆయుధం సమాచార హక్కు చట్టం. 2005 నుంచి ఉంది. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారమైతే 30 రోజులు కాదు, 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్లోనే ఉంది. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. తెలుగులోనే రాయొచ్చు. ‘ఫలానా రోగి అనుమతి కోరిక ఏ తేదీన ఏ గంటకు అందింది, ఏ ప్రశ్న అడిగారు, దానికి జవాబు ఎప్పుడొచ్చింది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం’ అని రోగి చేత గానీ ఇంట్లోవాళ్ళ చేత గానీ సంతకమో వేలిముద్రో పెట్టించి ట్రస్టు జిల్లా ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. అర్జీ చేరిన రోజే అనుమతి కదిలే అవకాశం ఉంది, అందుకైనా రాయండి.

ఇంకో పని. ప్రతి పల్లెలో మన యువజన సంఘం పిల్లలు ఒక వంద పేజీల నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఏ జబ్బుతో ఏ రోజు ఆస్పత్రికి పోయారు, అనుమతి ఏ రోజు అడిగారు, ఏ రోజు వచ్చింది, ఆ మధ్యలో ఎంత అప్పయింది, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి - ఇంతే రాయండి. రోగి ఒప్పుకుంటేనే రాయండి, ఆడవాళ్ళ సంగతులు ఆడపిల్లలే అడిగి రాయండి. మూడు నెలల పుస్తకాలు మండలానికొకరు పోగుచేసి పత్రిక చిరునామాకు పంపితే, రోగుల పేర్లు తీసేసి, రోజులూ రూపాయలూ మాత్రం అచ్చువేస్తాం. కలెక్టరు గ్రీవెన్సుకు సోమవారం పోయేటప్పుడు ఆ పేజీలే పట్టుకుపోదాం.